బద్నాతో మొదలుపెట్టిన త్రీడీ పాఠం



ఈ నెల ఈ శీర్షికలో నేను ఎత్తుకున్న విషయం చూసి కొందరు ఆశ్చర్యపోవచ్చు. ముప్పై ఏళ్లుగా అరబీ వ్యాకరణమూ ఫిఖహూ బోధిస్తున్నవాడికి కంప్యూటరులో త్రీడీ ఆకారాలు తయారుచేసే విద్యతో పనేమిటని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. జరిగింది చెబుతాను.

షవ్వాల్ నెలలో ఒకనాడు అసర్ నమాజు ముగించుకొని మదర్సా అరుగు మీద కూర్చున్నాను. మా పూతలపట్టులో మామిడికోతలు మొదలయ్యే రోజులవి. చిత్తూరు, తిరుపతి, కర్నూలు రహదారులు కలిసే చోటు కావడంతో కాయల లారీల రొద ఒక పక్క. అప్పుడు మొహల్లాకు చెందిన ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. అబ్బాయి మా మదర్సాలో నాజిరా పూర్తిచేసి, ఆ తర్వాత ఇంటర్ చదివినవాడు. తండ్రి గుజ్జు ఫ్యాక్టరీలో సీజను పని చేస్తాడు.

"హజ్రత్, ఒక మస్‌అలా అడగాల" అందామె. "వీడు యానిమేషన్ కోర్సులో చేరతానంటున్నాడు. తొంభై వేలు కట్టాలంట. ఉద్యోగం గ్యారంటీ అని కాయితమిస్తారంట. నా మెడలోది బ్యాంకులో పెడితే డబ్బొస్తుంది గానీ వడ్డీ కట్టాల. ఏం చేయమంటారు?"

వడ్డీ గురించి జవాబు చెప్పడానికి నాకు పుస్తకం తెరవవలసిన అవసరం లేదు. కాని అబ్బాయి అప్పటిదాకా తలవంచుకొని నిలబడి, నెమ్మదిగా మరో ప్రశ్న వేశాడు. "అసలు ఆ పని నేర్చుకోవచ్చునా హజ్రత్?"

ఆ ప్రశ్న నాకు కొత్తది కాదు. మూడేళ్ల కిందట మరో విద్యార్థి ఇదే అడిగాడు. ఆ పని ఏమిటో, ఎలా చేస్తారో నాకు తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు. "బొమ్మల పని మనకెందుకు, వదిలెయ్" అని ఒక్క మాటతో తేల్చేశాను. ఆ అబ్బాయి పనిని వదల్లేదు, నా దగ్గరకు రావడాన్ని వదిలాడు. ఆ తర్వాత ఒక నగరంలోని శిక్షణ సంస్థకు డబ్బు కట్టి, సగంలో ఆ సంస్థ తలుపులు మూసుకోవడంతో ఒక కాగితం ముక్క చేతబట్టుకొని తిరిగి వచ్చాడని తర్వాత విన్నాను. అడగవలసిన నాలుగు ప్రశ్నలు నేను నేర్పి ఉంటే అతడు బహుశా అడిగి ఉండేవాడు. వస్తువును ఎరగకుండా దానిపై ఫత్వా ఇవ్వరాదని మా ఉస్తాదులు మాకు పదేపదే చెప్పేవారు. నేను సరిగ్గా అదే చేశాను.

అందుకే ఈసారి ఆ తల్లితో, "అమ్మా, మూడు నెలలు ఆగు. నగ మెడలోనే ఉండనీ. వీడూ నేనూ కలిసి ముందు ఆ విద్య ఏమిటో చూస్తాం" అన్నాను. ఆమె ముఖంలో నమ్మకం కంటే అనుమానమే ఎక్కువ కనబడింది. అది న్యాయమే. నా వయసు యాభై నాలుగు, మౌస్ పట్టుకొన్న అనుభవం జకాత్ లెక్కలు టైపు చేయడం వరకే.

అబ్బాయి మేనమామ వాడి పక్కన పడేసిన ల్యాప్‌టాప్ ఒకటి దొరికింది. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ప్లగ్గు పీకితే ఆరిపోతుంది. ర్యాము ఎనిమిది జీబీ. ఇప్పటి బ్లెండర్‌కు అది కనీస అవసరం. ఈ పని ఫోనులో కాదు, కంప్యూటరు కావాలి. మూడు మీటలున్న మౌస్ ఒకటి కొనాలి, ఎందుకంటే నడిమి చక్రం నొక్కి తిప్పితే వస్తువు చుట్టూ సులువుగా తిరిగి చూడగలం. ఈ విద్యకు మేము పెట్టిన మొత్తం ఖర్చు ఆ మౌస్ ధరే.

బ్లెండర్ అనేది త్రీడీ ఆకారాలు నిర్మించడానికీ, వాటికి కదలిక ఇవ్వడానికీ ఉపయోగపడే సాఫ్ట్‌వేర్. దాని కథ నాకు బాగా నచ్చింది. నెదర్లాండ్స్‌లో టోన్ రోసెండాల్ అనే ఆయన 1994లో తన స్టూడియో అవసరం కోసం దీన్ని రాయడం ప్రారంభించాడు. తర్వాత దాన్ని వ్యాపారంగా నడపడానికి పెట్టిన కంపెనీ 2002లో మూతపడింది. సాఫ్ట్‌వేర్ హక్కులు పెట్టుబడిదారుల దగ్గర చిక్కుకుపోయాయి. లక్ష యూరోలు ఇస్తే వదిలేస్తామన్నారు. ఆయన ప్రపంచంలోని వాడుకరుల ముందు జోలె పట్టాడు. ఏడు వారాల్లో ఆ సొమ్ము పోగయింది. 2002 అక్టోబరు 13న దాన్ని స్వేచ్ఛా లైసెన్సు కింద అందరికీ విడుదల చేశారు. చందాలతో మదర్సా నడిపేవాడికి ఈ కథ విడమర్చి చెప్పనక్కరలేదు. అసలు ఆస్తిని ఎవరూ మింగకుండా కట్టుదిట్టం చేసి, దాని ప్రయోజనాన్ని అందరికీ వదలడం మనకు వక్ఫ్ రూపంలో తెలిసినదే. ఫిఖహ్ పరిభాషలో ఇది వక్ఫ్ కాదు, పోలిక కోసం చెబుతున్నానంతే. ఆ లైసెన్సు ప్రకారం ఎవరైనా దీన్ని ఉచితంగా దించుకోవచ్చు, దానితో సంపాదించుకోవచ్చు, తయారుచేసిన వస్తువు పూర్తిగా తయారుచేసినవాడిదే.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పవలసి ఉంది. పెద్ద స్టూడియోలలో ఎక్కువగా వాడే మాయా వంటి సాఫ్ట్‌వేర్లకు ఏటా భారీ అద్దె కట్టాలి. విద్యార్థులకు ఆ కంపెనీయే ఉచితంగా ఇచ్చే ఏర్పాటు ఉంది. అయినా మన పిల్లలు కొందరు తాళం పగలగొట్టిన కాపీలను పెన్‌డ్రైవుల్లో పంచుకొంటారు. పొరుగువాడి తోటలో మామిడికాయ కోస్తే తప్పు అని తెలిసిన పిల్లవాడికి ఇది ఎందుకు తట్టదో నాకర్థం కాదు. న్యాయంగా, ఉచితంగా దొరికే మార్గం ఎదురుగా ఉండగా దొంగకాపీతో చదువు మొదలుపెట్టడంలో ఏ అవసరమూ లేదు, ఏ బర్కతూ లేదు.

ఇంతకీ ఏం తయారుచేయాలి? ప్రపంచంలో బ్లెండర్ నేర్చుకొనేవారిలో చాలామంది ఆండ్రూ ప్రైస్ అనే ఆస్ట్రేలియా ఉపాధ్యాయుడి వీడియో పాఠం చూస్తూ డోనట్ అనే తీపి పిండివంటను మొదటి వస్తువుగా చేస్తారట. అబ్బాయి అదే చేద్దామన్నాడు. మన ఉద్దివడకూ దానికీ ఆకారంలో తేడా లేదు కదా, మనం తినేదే చేద్దాం అన్నాను. వాడు నవ్వాడు. తర్వాత వాడే ఇంకో సంగతి చదివి వచ్చి చెప్పాడు. 1975లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో మార్టిన్ న్యూవెల్ అనే పరిశోధకుడు తన ఇంటి టీ కెటిల్‌ను చూసి గీసి కంప్యూటరులో నిర్మించాడట. ఈ రంగంలో పరీక్షలకు దశాబ్దాల పాటు ఆ కెటిల్‌నే వాడుతున్నారట. గుండ్రని కడుపు, వంపు తిరిగిన ముక్కు, ఒక పిడి. ఇదంతా వింటుంటే నాకు వుజూ అరుగు మీది బద్నా గుర్తొచ్చింది. మా మదర్సాలో కళాయి పూసిన పాత రాగి బద్నా ఒకటుంది. ఇప్పుడు పిల్లలు ప్లాస్టిక్ మగ్గులే వాడతారు, అది మూలన పడి ఉంటుంది. దాన్ని తోమించి బల్ల మీద పెట్టాం. అదే మా పాఠ్యపుస్తకం.

బ్లెండర్ తెరవగానే నడుమ ఒక ఘనం కనబడుతుంది. అరబీలో ముకఅబ్. ఎనిమిది శీర్షాలు, పన్నెండు అంచులు, ఆరు తలాలు. తొమ్మిదో తరగతి రేఖాగణితం చదివినవాడికి ఇందులో కొత్తేమీ లేదు. తెరమీద కనబడే ఎంతటి కోటైనా, కారైనా, ముఖమైనా ఈ మూడింటి కూర్పే. శీర్షాలను జరిపితే అంచులు సాగుతాయి, అంచులు సాగితే తలాలు మారతాయి. జరపడానికి జీ, తిప్పడానికి ఆర్, పెంచి తగ్గించడానికి ఎస్. ఆ తర్వాత ఎక్స్, వై, జడ్ నొక్కితే ఆ దిక్కునే కదులుతుంది. వస్తువు లోపలికి వెళ్లి శీర్షాలను పట్టుకోవడానికి ట్యాబ్. ఒక తలాన్ని బయటికి లాగి కొత్త భాగం మొలిపించడానికి ఈ. మొదటి వారమంతా ఈ ఎనిమిది మీటలే. సర్ఫ్ పాఠంలో ఫఅల, యఫ్అలు రూపాలు నోటికి వచ్చేదాకా మేము ముందుకు సాగనిచ్చేవారం కాదు. ఇక్కడా అదే పద్ధతి పనికొచ్చింది. వేలికి మీట అలవాటు కానిదే కంటికి ఆకారం అందదు.

తెలుగులోనూ ఇతర భారతీయ భాషల్లోనూ ఉచిత పాఠాలు వెతుక్కోవచ్చు. భారతీయ భాషల్లోకి పాఠాలు తీసుకురావడానికి ఐఐటీ బాంబే నడుపుతున్న స్పోకెన్ ట్యుటోరియల్ పథకంలో బ్లెండర్ పాఠాలు కూడా ఉన్నాయి. ఒక్క జాగ్రత్త అవసరం. అవి పాత వెర్షన్ మీద తయారైనవి. 2019 జూలైలో వచ్చిన 2.80 వెర్షన్‌తో బ్లెండర్ ముఖమే మారిపోయింది. అంతకుముందు వస్తువును కుడి మీటతో ఎంచుకొనేవారు, ఇప్పుడు ఎడమ మీటతో. పాత పాఠం చూస్తూ కొత్త వెర్షన్ మీద కూర్చున్న పిల్లవాడు తన బుర్రే పనిచేయడం లేదనుకొని లేచిపోతాడు. తప్పు వాడిది కాదు. కంప్యూటరు బాగా పాతదైతే బ్లెండర్ వెబ్‌సైటులో పాత వెర్షన్లన్నీ భద్రంగా ఉన్నాయి. విండోస్ 7 మీద నడిచే చివరిది 2.92.

బద్నా కడుపు ఎలా చేయాలన్న దగ్గర రెండు రోజులు ఆగిపోయాం. అబ్బాయి ఘనాన్ని నొక్కి నొక్కి గుండ్రంగా చేయబోయాడు. సొట్టలు పడ్డ గుమ్మడికాయ తయారయింది. పలమనేరు వైపు కుమ్మరుల సారె చూశావా అని అడిగాను. సారె తిరుగుతూ ఉంటుంది, కుమ్మరి చెయ్యి ఒకే చోట ఒక వంపును పట్టి ఉంచుతుంది, ఆ వంపే చుట్టూ తిరిగి కుండ అవుతుంది. బ్లెండర్‌లోనూ అదే ఉపాయం ఉంది. బద్నాను నిలువునా సగానికి కోస్తే కనబడే వంపుగీతను మాత్రం శీర్షాలతో గీయాలి. స్క్రూ అనే మాడిఫయర్ ఆ గీతను నిట్టనిలువు ఇరుసు చుట్టూ 360 డిగ్రీలు తిప్పుతుంది. మామూలుగా పదహారు అడుగుల్లో తిప్పుతుంది గనుక పదహారు పలకల పాత్ర వస్తుంది, సంఖ్య పెంచితే నునుపవుతుంది. మాడిఫయర్లకున్న గొప్ప సౌకర్యమేమిటంటే అసలు గీత అలాగే ఉంటుంది. మెడ సన్నబడాలంటే రెండు శీర్షాలు జరిపితే చాలు, పాత్రంతా మారుతుంది.

అది చూశాక వాడికి ఉత్సాహం కట్టలు తెంచుకొంది. ఆకారాన్ని నునుపు చేసే సబ్‌డివిజన్ మాడిఫయర్ పెట్టి అంకెను ఆరుకు తీసుకుపోయాడు. ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది. ఎందుకో లెక్క వేసి చూడమన్నాను. 1978లో క్యాట్‌మల్, క్లార్క్ అనే ఇద్దరు కనిపెట్టిన ఆ పద్ధతి ఒక్కో మెట్టుకు ప్రతి నాలుగంచుల తలాన్నీ నాలుగు ముక్కలు చేస్తుంది. రెండో మెట్టుకు పదహారు, మూడో మెట్టుకు అరవై నాలుగు, ఆరో మెట్టుకు 4,096. మా పాత్రలో ఉన్నవి ఇంచుమించు అయిదు వందల తలాలు. అంటే ఇరవై లక్షలకు పైగా. వారసత్వపు లెక్కల్లో భిన్నాలు చూసి బెదిరిపోయే ఆ అబ్బాయి ఈ లెక్కను తానే వేశాడు. ఆనాటి నుంచి రెండు దాటి పోలేదు.

ముక్కు కోసం కడుపు పక్కన నాలుగు తలాలు ఎంచుకొని, ఈ నొక్కి బయటికి లాగి, కొంచెం తిప్పి, కొంచెం సన్నం చేసి, మళ్లీ లాగి, ఇలా అయిదుసార్లు. అయ్యాక చూస్తే ముక్కు మీద నల్లటి మచ్చలు. రంగు పోసినా పోలేదు. ప్రతి తలానికీ లోపలి వైపు, బయటి వైపు ఉంటాయనీ, లాగడంలో కొన్ని తలాలు తిరగబడ్డాయనీ తెలుసుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది. అన్నీ ఎంచుకొని షిఫ్ట్‌తో ఎన్ నొక్కితే సర్దుకొన్నాయి. రాగిరంగు వేసినప్పుడు మరో విచిత్రం. లోహపు గుణం పూర్తిగా పెట్టగానే బద్నా బొగ్గులా మారింది. లోహానికి చూపించుకోవడానికి చుట్టుపక్కల ఏదైనా ఉండాలి. మా లోకంలో బద్నా తప్ప ఏమీ లేదు, అది చీకటినే ప్రతిబింబించింది. పాలీ హేవెన్ అనే వెబ్‌సైటులో ఆకాశం, గదులు, వీధుల గుండ్రటి ఛాయాచిత్రాలను ఏ షరతూ లేకుండా ఉచితంగా ఇస్తారు. అందులో ఒక ఉదయపు ఆకాశాన్ని చుట్టూ కప్పాం. రాగి వెంటనే రాగిలా మెరిసింది.

ఈ వెలుగు పాఠం దగ్గర నాకు పాత గ్రంథాలు గుర్తుకొచ్చాయి. క్రీ.శ. 965 ప్రాంతంలో బస్రాలో పుట్టి కైరోలో జీవించిన ఇబ్నుల్ హైసమ్ తన కితాబుల్ మనాజిర్‌లో దృష్టి శాస్త్రాన్ని తిరగరాశాడు. అంతకుముందు యూక్లిడ్, టాలెమీల సంప్రదాయంలో కంటి నుంచి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని నమ్మేవారు. కాదు, వెలుగే వస్తువు మీద పడి, అక్కడి నుంచి కంటికి చేరుతుందని ఆయన ప్రయోగాలతో, గణితంతో నిరూపించాడు. బ్లెండర్‌లో వెలుగును లెక్కకట్టే సైకిల్స్ అనే యంత్రాంగం ఏం చేస్తుందో తెలుసా? కెమెరా నుంచి కిరణాలను బయటికి పంపి, అవి వస్తువులను తాకి చివరికి దీపాన్ని చేరుకొనే దారి వెతుకుతుంది. అంటే ఇబ్నుల్ హైసమ్ తోసిపుచ్చిన దిశలో! ప్రకృతి అలా చేయదని తెలిసే చేస్తుంది. దీపం నుంచి బయలుదేరే కిరణాల్లో కంటికి చేరేవి అత్యల్పం, అన్నిటినీ లెక్కకట్టడం వృథా. కిరణం దారి ఇటు నుంచి చూసినా అటు నుంచి చూసినా ఒకటే గనుక వెనుక నుంచి లెక్కకట్టి శ్రమ తగ్గించుకొంటుంది. ఈ సంగతి పిల్లలకు చెప్పిన రోజు తరగతిలో ఒక్కడూ కునుకు తీయలేదు.

ఇక కదలిక. మొదటి ఫ్రేములో బద్నా నిటారుగా, 48వ ఫ్రేములో వంగి, 96వ ఫ్రేములో మళ్లీ నిటారుగా. ఈ మూడు చోట్ల ఐ నొక్కి స్థితిని నమోదు చేయాలి. నడుమ ఫ్రేములన్నీ కంప్యూటరే పూరిస్తుంది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఇది నాలుగు సెకన్లు. మొదటి ప్రయత్నంలో బద్నా తన కడుపు చుట్టూ తానే గిర్రున దొర్లింది. వస్తువు తిరిగే కేంద్రబిందువు పిడి దగ్గర ఉండాలి, ఎందుకంటే చెయ్యి పట్టుకొనేది అక్కడ. పిల్లలెవరైనా ఈ విద్య నేర్చుకొంటే ముందు ఇంట్లో అమ్మ నీళ్లు వంచడాన్ని, అబ్బా సైకిలు స్టాండు వేయడాన్ని శ్రద్ధగా చూడమని చెబుతాను. కదలిక ఎక్కడ నెమ్మదిగా మొదలై, ఎక్కడ వేగం పుంజుకొని, ఎక్కడ ఆగుతుందో సాఫ్ట్‌వేర్ నేర్పదు.

చివరి పని రెండరింగ్, అంటే ఒక్కో ఫ్రేమును బొమ్మగా అచ్చువేయించడం. మా ల్యాప్‌టాప్ ఒక్కో ఫ్రేముకు మూడు నిమిషాలు తీసుకొంది. 96 ఫ్రేములకు 288 నిమిషాలు, అంటే నాలుగు గంటల నలభై ఎనిమిది నిమిషాలు. ఇషా తర్వాత తొమ్మిదింటికి పెట్టి పడుకొన్నాం. అర్ధరాత్రి గాలివాన వచ్చి కరెంటు పోయింది. అప్పటికి అరవై ఫ్రేములు అయి ఉంటాయి. నేరుగా వీడియో ఫైలుగా తీయమని చెప్పాం గనుక ఆ ఫైలు తెరుచుకోలేదు, మూడు గంటల పని మట్టిపాలయింది. మర్నాడు ఫ్రేములను వేర్వేరు పీఎన్‌జీ బొమ్మలుగా తీయించాం. ఈసారీ కరెంటు పోయింది, కాని నలభై బొమ్మలు భద్రంగా ఉన్నాయి. నలభై ఒకటి నుంచి మొదలుపెట్టి, చివర అన్నిటినీ కలిపి వీడియో చేశాం. మన ఊళ్లలో ఈ పని చేయదలచిన వారెవరైనా ఈ ఒక్క ముక్కను గోడమీద రాసిపెట్టుకోవాలి.

అబ్బాయి వేసిన ప్రశ్నకు ఇప్పుడు వస్తాను. ప్రాణులకు రూపం కల్పించడంపై హదీసులలో గట్టి హెచ్చరికలున్నాయి. వాటిని దాచి తేలికపరచే అధికారం నాకు లేదు. బొమ్మలు చేసి బతికే ఒకాయన హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వద్దకు వచ్చినప్పుడు, ఆయన ఆ హెచ్చరికను వినిపించి, తప్పనిసరైతే చెట్లనూ ప్రాణం లేని వస్తువులనూ చేసుకొమ్మని దారి చూపిన సంగతి సహీహ్ బుఖారీలో ఉంది. మరోవైపు హజ్రత్ ఆయిషా (రజి) చిన్నతనంలో బొమ్మలతో ఆడుకొనేవారనీ, వాటిలో రెక్కల గుర్రం ఒకటి ఉందనీ అబూ దావూద్‌లో ఉంది. తెరమీద వెలిగి ఆరిపోయే ఆకారం నిషేధించిన చిత్రం కిందికి వస్తుందా, అద్దంలోని నీడ వంటిదా అన్నదానిపై నేటి ఉలమాల మధ్య భేదాభిప్రాయం ఉంది. ఇరుపక్షాల్లోనూ మనకంటే ఎక్కువ చదివిన, ఎక్కువ భయభక్తులున్న పెద్దలున్నారు. ప్రవక్తలకు రూపం కల్పించరాదన్నదానిపై మాత్రం ఆ పెద్దల మధ్య తేడా లేదు. నేను అబ్బాయికి చెప్పింది ఇది. జీవుల విషయంలో నీవు నమ్మే ఆలిమ్‌ను అడిగి నడుచుకో. ఆ చర్చ తేలేదాకా నీకు పని లేకపోవడమనేది ఉండదు. ఇళ్లు, యంత్రాలు, పాత్రలు, చెట్లు, కొండలు, మేఘాలు, గుండె కవాటాలు, నీటి పంపులు, పాఠశాల పుస్తకాల రేఖాచిత్రాలు, ఇవన్నీ త్రీడీలో చేయవలసినవే, వీటికి కూలి ఇచ్చేవారూ ఉన్నారు.

మా దగ్గర తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె, వాళ్ల అన్న కంప్యూటరులో, ఎనిమిది మొనల నక్షత్రాన్ని ఒక్కటి చేసి, అరే అనే మాడిఫయర్‌తో అడ్డంగా, నిలువుగా వరుసలు పెంచి, వాటి మధ్య వెలుగు పారే జాలీ కిటికీని తయారుచేసింది. దీపం జరిపితే నేల మీద నీడల తివాచీ జరుగుతుంది. నిజం చెప్పాలంటే మా బద్నా కంటే అదే బాగుంది. గండికోట జామియా మసీదు కమానులను ఫొటోలు తీసి, కొలిచి, తెరమీద నిర్మించాలని ఆమె అన్నాచెల్లెళ్లిద్దరూ ఇప్పుడు అనుకొంటున్నారు. ఆడపిల్ల ఇంటి నుంచే చేయగల పని కదా అని తల్లులు అడుగుతున్నారు. చేయవచ్చు. కాని నిద్ర, కళ్లు, ఫజర్ నమాజు, ఈ మూడూ ఈ పనికి మొదట బలయ్యేవి. ఇషా తర్వాత గంటకు మించి కూర్చోనివ్వకండి.

ఉద్యోగం మాట. హైదరాబాదులో ఈ పరిశ్రమ ఉన్నదన్నది వాస్తవం. 2012లో వచ్చిన ఈగ సినిమాలోని ఈగ హైదరాబాదు మకుట సంస్థ చేతిలో తయారై జాతీయ అవార్డు తెచ్చింది. అక్కడి గ్రీన్ గోల్డ్ సంస్థ తీసిన మైటీ లిటిల్ భీమ్ 2019 నుంచి నెట్‌ఫ్లిక్స్ ద్వారా ఎన్నో దేశాల పసిపిల్లలు చూశారు. ఆ కథల మంచిచెడ్డలు వేరే చర్చ. మలేషియాలో ఉపిన్ ఇపిన్ అనే త్రీడీ ధారావాహిక 2007లో పిల్లలకు ఉపవాసం గురించి చెప్పే రంజాను కార్యక్రమంగానే మొదలైంది. పూర్తిగా బ్లెండర్‌తో తీసిన లాట్వియా చిత్రం ఫ్లో 2025 మార్చిలో ఆస్కార్ అందుకొంది. అయితే ఇవన్నీ జట్ల శ్రమ. స్టూడియోలో ఆకారాలు చేసేవారు వేరు, వాటికి ఎముకలు అమర్చేవారు వేరు, కదిలించేవారు వేరు, వెలుగు పెట్టేవారు వేరు. వీటిలో తనకు ఏది చేతికి వస్తుందో తెలియకుండా తొంభై వేలు కట్టడం, ఏ పంటో తెలియకుండా విత్తనాలకు బయానా ఇవ్వడం వంటిది.

పైగా అక్కడ చూసేది కాగితాన్ని కాదు, అభ్యర్థి స్వయంగా చేసిన పనులతో కూర్చిన రెండు నిమిషాల వీడియోను. శిక్షణ సంస్థకు వెళ్లేవారు ఎవరైనా, డబ్బు కట్టకముందు రెండు రోజులు తరగతిలో కూర్చోనివ్వమని అడగాలి. కిందటి జట్టు విద్యార్థులు చేసిన పని చూపించమనాలి. సంస్థ మూతపడితే సొమ్ము తిరిగి ఇస్తామని రాసి ఇవ్వమనాలి. పట్టా కావాలనుకొనేవారికి హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో యానిమేషన్‌లో బీఎఫ్ఏ ఉంది. మనకు దగ్గరగా కడపలో 2020లో లలితకళలకు, ఆర్కిటెక్చర్‌కు ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఫీజుకు వడ్డీ అప్పు తప్ప దారి లేదనుకొనేముందు ఈ రెండింటి ప్రవేశ ప్రకటనలు, ప్రభుత్వ ఉపకారవేతనాలు చూడండి. మొహల్లా బైతుల్‌మాల్ ఉన్నచోట అక్కడా అడగండి.

మూడు నెలల గడువు ముగిసిన శుక్రవారం ఆ తల్లిని రమ్మన్నాం. జుమా తర్వాత వచ్చింది. మెడలో నగ ఉంది. అబ్బాయి ల్యాప్‌టాప్ తెరిచి, నాలుగు సెకన్ల వీడియోను పదిసార్లు తిప్పి తిప్పి చూపించాడు. ఉదయపు వెలుగులో రాగి బద్నా నెమ్మదిగా వంగుతుంది, ఆగుతుంది, లేస్తుంది. నేను కూడా కొంత గర్వంగానే చూస్తున్నాను, అల్లాహ్ మన్నించుగాక.

ఆమె మెచ్చుకోలేదు. తెరకు దగ్గరగా వంగి, వేలితో చూపించింది.

"ముక్కు శానా కిందికి పెట్టినావు రా. బద్నా సగం నిండేలోపే నీళ్లన్నీ దీంట్లోంచి కారిపోతాయి. ముక్కు మొన మూతి కాడికి రావాల."

మేమిద్దరం బల్ల మీది అసలు బద్నా వైపు చూశాం. మూడు నెలలుగా దాన్ని కొలుస్తున్నవాళ్లం. ముక్కు మొన సరిగ్గా మూతి ఎత్తుకే ఉంది. అబ్బాయి ట్యాబ్ నొక్కి, ముక్కు చివరి శీర్షాలను ఎంచుకొని, జీ, ఆ తర్వాత జడ్ నొక్కాడు.